కొమురం భీమ్ స్మారక మ్యూజియం, జోడేఘాట్

కొమురం భీమ్ స్మారక మ్యూజియం తెలంగాణ రాష్ట్రపు ఉత్తర సరిహద్దుకు చేరువలో, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానికి చెందిన జోడేఘాట్ గ్రామంలో గల గిరిజన మ్యూజియం. నిజాం ప్రభుత్వ అటవీ విధానాలకు వ్యతిరేకంగా గోండులు, కోలాములు సాగించిన తిరుగుబాటుకు నాయకుడైన కొమురం భీమ్ 1940లో ఇక్కడే పోలీసు కాల్పులలో మరణించాడు. ఆ స్థలంలో స్మృతివనం, విగ్రహంతో పాటు నిర్మించిన ఈ మ్యూజియం 2016లో ప్రారంభమైంది. భీమ్ జీవితంతో పాటు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఆదివాసుల ఆచారాలు, వాద్యాలు, ఆభరణాలు, దేవతలు ఇక్కడి ప్రదర్శనకు ముఖ్య విషయాలు.

భీమ్ ఇంటిపేరును కొమురం, కొమరం, కుమ్రం, కుమ్ర అని పలు విధాలుగా వ్రాస్తున్నారు. ఇది గోండులలోని ఒక వంశనామం. జిల్లా అధికారిక నామంలో ‘కుమ్రం’ అనే రూపం ఉండగా, తెలుగు సాహిత్యంలోను పత్రికలలోను ‘కొమురం’, ‘కొమరం’ అనే రూపాలు ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రాంతము

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఉత్తరాన పెన్‌గంగ, వార్ధా నదులకు, తూర్పున ప్రాణహితకు, దక్షిణాన గోదావరికి మధ్య విస్తరించి ఉన్న సుమారు 16 వేల చదరపు కిలోమీటర్ల భూభాగం. 2011 జనగణన నాటికి జనాభా సుమారు 27.4 లక్షలు, అందులో దాదాపు 18 శాతం షెడ్యూల్డు తెగలవారు. 2016 అక్టోబరు 11న ఈ జిల్లాను ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్ అనే నాలుగు జిల్లాలుగా విభజించారు. ఉట్నూరు, జైనూరు, కెరమెరి, తిర్యాణి మండలాల పీఠభూమి ప్రాంతం గోండులకు ప్రధాన నివాసం. వీరితో పాటు కోలాములు, నాయకపోడులు, పరధానులు, తోటీలు, అంధులు ఈ కొండలలో నివసిస్తారు.

హైదరాబాదు నుండి చూసినపుడు జోడేఘాట్ మారుమూల గ్రామం. అయితే గోండుల చరిత్రకు కేంద్రం హైదరాబాదు కాదు. వారి రాజ్యానికి తొలుత సిర్పూరు, బల్లార్షా, ఆ తరువాత చాందా (నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్) రాజధానులుగా ఉండేవని సంప్రదాయ కథనం. జోడేఘాట్‌కు ఈనాటికీ హైదరాబాదు కంటె చంద్రపూరే చాలా దగ్గర. చాందా రాజుల కింద ఉట్నూరు వంటి చోట్ల స్థానిక గోండు రాజులు ఉండేవారు. 1751లో నాగపూరు భోంస్లేలు చాందాను ఆక్రమించడంతో ఆ రాజ్యం అంతరించింది. పెన్‌గంగకు దక్షిణానగల భాగం 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో నిజాం పాలనలోకి వచ్చింది. కోటలు శిథిలమైనా గ్రామపెద్దయైన పట్లా, కులపంచాయితీ, వంశదేవతల ఆరాధన కొనసాగాయి. పాలకులు మారినంత మాత్రాన కొండలలోని జీవనం వెంటనే మారలేదు. ఆ మార్పు రావడానికి మరో శతాబ్దం పట్టింది.

ఈ ప్రాంతంలో వలస పాలనపై తొలి ప్రతిఘటన 1857 తిరుగుబాటు అనంతరం జరిగింది. రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, రోహిల్లాలు నిర్మల్ పరిసరాలలో ఆంగ్లేయ, నిజాం సేనలతో పోరాడారు. 1860లో రాంజీని, ఆయన అనుచరులను నిర్మల్ వద్ద ఉరితీశారు. ఒకే మర్రిచెట్టుకు వేయిమందిని ఉరితీశారన్న స్థానిక కథనాన్ని బట్టి ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అని పేరు వచ్చింది.

అటవీ చట్టాలు, భూమి

20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో రెండు పరిణామాలు ఒకేసారి జరిగాయి. మొదటిది, నిజాం ప్రభుత్వం అడవులకు హద్దులు గీచి రక్షిత అడవులుగా ప్రకటించడం. గోండులు, కోలాములు సాగుచేసి కొన్నేళ్ళు బీడుగా విడిచిన పొలాలు ఆ హద్దుల లోపలికి పోయాయి. పోడు వ్యవసాయంలో బీడు విడవడం కూడా సాగులో భాగమే. కాని కాగితంపై అది ఖాళీ అడవిగా నమోదయింది. ఊళ్ళు ఖాళీ చేయించడం, పంటలు తగులబెట్టడం, మేకలను పశువులను బందెలదొడ్డికి తోలడం తరచుగా జరిగేవి. పశువుల మేతకు, వంటచెరకుకు ‘బంబ్రాం’, ‘దూపపెట్టి’ అనే పేర్లతో పన్నులు వసూలు చేసేవారు.

రెండవది, భూమి కోసం బయటివారు రావడం. కాజీపేట - బల్లార్షా రైలుమార్గం 1920ల చివరికి పూర్తి అయింది. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు 1938లో ఏర్పడింది. నల్లరేగడి నేలలో పత్తి బాగా పండుతుంది. మైదానాల నుండి వచ్చిన వ్యవసాయదారులు, వడ్డీవ్యాపారులు, షావుకార్లు పట్టాలు పొందసాగారు. తరతరాలుగా దున్నుతున్నా పట్టా అన్న మాటతో పనిపడని ఆదివాసి, తన చేనులోనే కౌలుదారుగా మారిన సందర్భాలు అనేకం ఉన్నాయి. ఆసిఫాబాద్ 1940ల తొలినాళ్ళ వరకు జిల్లా కేంద్రంగా ఉండేది. అర్జీ పెట్టుకోదలచినవారు కొండ దిగి అక్కడికి నడచివెళ్ళవలసిందే. దరఖాస్తు వ్రాసే భాష ఉర్దూ, మాట్లాడే భాష గోండీ. ఈ అంతరం చిన్నది కాదు.

కొమురం భీమ్

కొమురం భీమ్ ఆసిఫాబాద్ సమీపంలోని సంకేపల్లిలో గోండు కుటుంబంలో జన్మించాడు. జన్మదినం 1901 అక్టోబరు 22 అని సాధారణంగా చెబుతారు. మరికొన్ని రచనలలో 1900 అని ఉన్నది. తండ్రి చిన్ను అటవీ సిబ్బందితో జరిగిన ఘర్షణలో చనిపోగా కుటుంబం సుర్దాపూర్ చేరిందని కథనం. అక్కడ వారు సాగుచేసిన పొలం తనదని సిద్దిఖ్ అనే భూస్వామి వచ్చి పంట పట్టుకుపోబోగా, ఆ గొడవలో భీమ్ చేతిలో అతడు మరణించాడు. భీమ్ ప్రాంతం విడిచి పారిపోయి కొంతకాలం చాందాలో, ఆపై సుమారు అయిదేళ్ళు అస్సాం తేయాకు తోటలలో కూలిగా గడిపాడు. చదవడం, వ్రాయడం ఆ ప్రవాసకాలంలోనే నేర్చుకున్నాడని చెబుతారు. అర్జీల భాష తెలియని ఊళ్ళకు తిరిగివచ్చిన ఒక అక్షరాస్యుడు ఎంత ముఖ్యుడై ఉంటాడో ఊహించవచ్చు.

తిరిగి వచ్చిన తరువాత కాకన్‌ఘాట్‌లో లచ్చుపటేలు వద్ద పనిచేశాడు. పటేలు భూమి తగాదాను ఆసిఫాబాద్ కచేరీలో నడిపి గెలిపించడంతో ఆయనకు పేరు వచ్చింది. సోంబాయిని వివాహమాడాడు. తరువాత బాబేఝరి చేరి, అడవి నరికి సాగుచేసుకుంటున్నవారిని కూడగట్టాడు. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి, కల్లెగావ్, నర్సాపూర్, అంకుశాపూర్ మొదలైన పన్నెండు గ్రామాలపై ఆదివాసులకే అధికారం ఉండాలని కోరాడు. ‘జల్, జంగల్, జమీన్’ (నీరు, అడవి, భూమి) అనే నినాదం ఆయన పేరుతో స్థిరపడింది.

ఈ పోరాటం ఆయుధాలతో మొదలుకాలేదు. అధికారులకు వినతిపత్రాలు ఇచ్చారు. నిజామును కలవడానికి భీమ్ హైదరాబాదు వెళ్ళి, దర్శనం దొరకక తిరిగివచ్చాడని గోండులు చెప్పుకుంటారు. భీమ్‌కు, ఆయన బంధువులకు పట్టాలిస్తామని ప్రభుత్వం ఆశ చూపగా, పన్నెండు ఊళ్ళవారి సంగతి తేల్చమని ఆయన నిరాకరించాడన్నది ప్రసిద్ధ కథనం. సంప్రదింపులు విఫలమయ్యాక జోడేఘాట్ కొండపై అనుచరులతో మకాం పెట్టాడు. కుర్దు పటేలు ఇచ్చిన సమాచారంతో సాయుధ పోలీసులు రాత్రివేళ కొండను చుట్టుముట్టి కాల్పులు జరిపారు. భీమ్‌తో పాటు ఆయన అనుచరులు పలువురు మరణించారు.

మరణ తేదీ

భీమ్ మరణించిన తేదీ విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1940 సెప్టెంబరు 1 అని కొందరు, అక్టోబరు 8 అని కొందరు, అక్టోబరు 27 అని మరికొందరు వ్రాశారు. గోండులు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమినాడు వర్ధంతి జరుపుకుంటారు. అందువలన జోడేఘాట్‌లో వర్ధంతి సభ ఏటా ఒకే ఆంగ్ల తేదీన రాదు. ప్రభుత్వం కూడా ఆ తిథినే అనుసరించి అధికారిక ఉత్సవం నిర్వహిస్తున్నది. పాఠ్యపుస్తకంలో ఒక తేదీ, పత్రికలో మరొక తేదీ చూసి గందరగోళపడే విద్యార్థులు ఈ సంగతి గమనించాలి. పున్నమి గుర్తును కాపాడినవారు ఆ ఊరివారే కనుక స్మారకసభకు ఆ తిథినే పాటించడం సమంజసం.

హైమెన్‌డార్ఫ్ అధ్యయనం

తిరుగుబాటు అణగినా దాని కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ (1909 - 1995) అప్పటికి హైదరాబాదు రాజ్యంలోనే ఉన్నాడు. ఆస్ట్రియా జర్మనీలో విలీనమై ఉండటంవలన రెండవ ప్రపంచయుద్ధం రాగానే ఆయన శత్రుదేశ పౌరుడైనాడు. ఆయన కదలికలను ఈ రాజ్యానికి పరిమితం చేశారు. చెంచుల మీద, కొండరెడ్ల మీద పరిశోధన చేసిన పిమ్మట 1941 నుండి భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి జైనూరు సమీపంలోని మార్లవాయిలో నివసించి గోండులను అధ్యయనం చేశాడు. ఒక ప్రభుత్వం యుద్ధఖైదీగా చూడవలసిన వ్యక్తిని మరొక ప్రభుత్వం సలహాదారుగా నియమించుకోవడం ఆ కాలపు విచిత్రాలలో ఒకటి.

ఆయన నివేదికల ఫలితంగా కొన్ని మార్పులు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. 1940ల చివరికి పదకొండు వేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలు పట్టాలుగా లభించాయి. ఈ పనిలో హైదరాబాద్ సివిల్ సర్వీసు అధికారి సేతుమాధవరావు పగ్డీ పాత్ర గణనీయమైనది. ఆయన గోండీ నేర్చుకొని గోండుల గురించి స్వయంగా గ్రంథరచన చేశాడు. గోండీ బోధన మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. పాఠశాలలు క్రమంగా తెలుగు మాధ్యమానికి మారాయి.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో, అధికారులు ఆదివాసుల ఫిర్యాదులు వినే దర్బారు హైమెన్‌డార్ఫ్ కాలంలోనే మొదలైంది. బెట్టీ 1987లో హైదరాబాదులో మరణించగా మార్లవాయిలో సమాధి చేశారు. హైమెన్‌డార్ఫ్ అస్థికలు కూడా తరువాత అక్కడికే చేరాయి. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, వ్రాతప్రతులు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాలయం (సోయాస్) భాండాగారంలో ఉన్నాయి. 1940ల నాటి మార్లవాయి ముఖాలను చూడదలచిన పరిశోధకునికి మార్లవాయి కంటె లండన్‌లోనే ఎక్కువ సామగ్రి దొరుకుతుంది. స్థానిక మ్యూజియం అవసరాన్ని ఇంతకంటె స్పష్టంగా చెప్పే విషయం వేరొకటి లేదు.

స్వాతంత్ర్యానంతరం

పట్టాలు వచ్చినా భూమి చేతులు మారడం ఆగలేదు. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1959 నాటి నిబంధనలు 1963లో తెలంగాణకు వర్తించాయి. 1970లో చేసిన సవరణ 1/70 చట్టంగా ప్రసిద్ధి పొందింది. అమలులోని లోపాలపై, అటవీభూముల సమస్యపై అసంతృప్తి పెరిగింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంఖ్య అంతకు చాలా ఎక్కువని పౌరహక్కుల సంఘాలు పేర్కొన్నాయి. అక్కడ నిర్మించిన అమరవీరుల స్తూపం 1986లో ధ్వంసమై మరుసటి ఏడాది తిరిగి నిర్మితమైంది.

భీమ్ కథ మైదాన ప్రాంత పాఠకులకు విస్తృతంగా తెలిసింది కూడా ఈ కాలంలోనే. అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వెలువడింది. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో 1990లో తయారైన చలనచిత్రం 2010లో గాని విడుదల కాలేదు. 2022లో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని భీమ్, అల్లూరి సీతారామరాజుల స్నేహం పూర్తిగా కల్పితం. వారిద్దరూ కలుసుకున్నట్లు ఆధారాలు లేవు.

మ్యూజియం

మ్యూజియం నిర్మాణానికి పూర్వం జోడేఘాట్‌లో భీమ్ సమాధి స్థలం, ఏటా పున్నమినాడు కలిసే జనం మాత్రమే ఉండేవి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014 వర్ధంతి సందర్భంగా స్మృతివనానికి, మ్యూజియానికి రూ. 25 కోట్లు ప్రకటించారు. రెండేళ్ళలో నిర్మాణం పూర్తయింది. ప్రాంగణంలో భీమ్ విగ్రహం, స్మారకచిహ్నం, మ్యూజియం భవనం ఉన్నాయి. లోపల భీమ్, ఆయన సహచరుల ప్రతిమలు, గోండు గ్రామజీవితాన్ని చూపే బొమ్మలు, వ్యవసాయ పనిముట్లు, ఆభరణాలు, వాద్యాలు ప్రదర్శనలో ఉన్నాయి.

చూసేవారికి కొంత నేపథ్యం తెలిసి ఉండటం మేలు. గోండు వంశాలు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతలను కొలిచే ‘సగ’లుగా విభజితమై ఉంటాయి. ఒకే సగ వారు పరస్పరం వివాహమాడరు. వంశదైవాన్ని పెర్సపేన్ అంటారు. ఆ దైవకథలను, వంశచరిత్రలను పాడి వినిపించేవారు పరధానులు, తోటీలు. వీరి చేతిలోని తీగవాద్యం కిక్రి. దానిని మ్యూజియంలో చూసేవారు అది వాద్యం మాత్రమే కాదని గుర్తించాలి. ఫలానా వంశం ఏ కొండ నుండి వచ్చింది, ఎవరికి ఎవరు సగ అన్న లెక్క ఆ పాటలలోనే భద్రమై ఉన్నది. పరధాను రాకుండా పెర్సపేన్ పూజ సాగదు. దీపావళికి ముందు జరిగే దండారి ఉత్సవంలో నెమలి ఈకల తలపాగాలతో ఆడేది గుస్సాడి నృత్యం. ఆ నృత్యాన్ని యువతరానికి నేర్పిన మార్లవాయి వాస్తవ్యుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. ఆయన 2024లో కన్నుమూశాడు. కెరమెరి మండలంలోనే, మహారాష్ట్ర సరిహద్దున గల జంగుబాయి పుణ్యక్షేత్రానికి పుష్యమాసంలో రెండు రాష్ట్రాల గోండులు వస్తారు.

ఇదే మండలంలో తెలంగాణ, మహారాష్ట్రలు రెండూ తమవేనని చెప్పుకునే పన్నెండు గ్రామాలున్నాయి. భీమ్ అడిగిన పన్నెండు గ్రామాలు ఇవి కావు. సంఖ్య ఒకటే కావడం యాదృచ్ఛికం.

హైదరాబాదులోని ఆధారాలు

ఈ ప్రాంతపు చరిత్రకు చెందిన ఒక ముఖ్య అధ్యాయం హైటెక్ సిటీకి సమీపాన, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నడిచింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాల గ్రామంలో గోండీ భాషను ప్రత్యేక లిపిలో వ్రాసిన ప్రతులు 2000ల మధ్యలో వెలుగుచూశాయి. వాటిలో పురాతనమైనవి సుమారు 1750 నాటివని అంచనా. ఆ లిపిని సాఫీగా చదవగలిగినవారు అప్పటికి ఊరిలో కొద్దిమంది వృద్ధులే. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం, విశ్వవిద్యాలయంలోని దళిత, ఆదివాసీ అధ్యయన కేంద్రం ఆ ప్రతులపై కృషిచేసి లిపిని పిల్లలకు నేర్పే ప్రయత్నం చేశారు. 2018లో యూనికోడ్ 11.0 ప్రమాణంలో ‘గుంజాల గోండి’ లిపికి స్థానం లభించింది. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారం రూపొందించిన మసారం గోండి లిపి దీనికి భిన్నమైనది. అది అంతకు ముందు ఏడాదే యూనికోడ్‌లో చేరింది. గోండీకి వ్రాత లేదన్న పాత అభిప్రాయాన్ని ఈ ప్రతులు పూర్వపక్షం చేశాయి. ఉర్దూ కచేరీల ముందు నిరక్షరాస్యులుగా నిలిచినవారి పొరుగు ఊళ్ళోనే ఒక లిపి ఉండినదన్నమాట.

మాదాపూర్‌లోని శిల్పారామంలో ఆదిలాబాద్ డోక్రా లోహశిల్పాలు సందర్శకులకు పరిచితమే. జైనూరు మండలం ఉషెగావ్ మొదలైన గ్రామాల ఓజా కళాకారులు మైనపు అచ్చుతో పోతపోసే ఈ వస్తువులకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. గోండులకు ఇవి అలంకార సామగ్రి కావు, పూజాద్రవ్యాలు. మాసాబ్‌ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియంలో తెలుగు ప్రాంతాల తెగలన్నిటి వస్తువులు ఉన్నాయి. హైదరాబాదులోనే రాంజీ గోండు పేరిట స్వాతంత్ర్య సమరయోధుల గిరిజన మ్యూజియానికి 2024లో శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ జోడేఘాట్ కంటె తేలికగా చేరగల స్థలాలు. అయితే సంఘటన జరిగిన కొండను చూపగలిగేది జోడేఘాట్ మ్యూజియం ఒక్కటే.

అడవి వివాదం కొనసాగింపు

2006 నాటి అటవీహక్కుల చట్టం ఆదివాసుల సాగుభూమిపై హక్కును గుర్తించినా, పోడు పట్టాల సమస్య పూర్తిగా తీరలేదు. 2012లో కవాల్ పులుల అభయారణ్యం ఏర్పడింది. దానిని మహారాష్ట్రలోని తాడోబాతో కలిపే పులుల మార్గాన్ని ‘కుమ్రం భీం కన్సర్వేషన్ రిజర్వు’గా ప్రకటిస్తూ 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం జి.ఓ. 49 జారీచేసింది. తమను అడవి నుండి తరలించడానికి ఇది దారితీస్తుందని ఆదివాసీ సంఘాలు ఆందోళన చేశాయి. అడవి ఆంక్షలకు ఎదురునిలిచి మరణించినవాని పేరునే రక్షిత ప్రాంతానికి పెట్టడం ఆ నిరసనలలో ప్రత్యేకంగా చర్చకు వచ్చింది. ఆ ఏడాది జూలైలో ఉత్తర్వు అమలును ప్రభుత్వం నిలిపివేసింది.

ప్రయాణము

కాజీపేట - బల్లార్షా మార్గంలోని ఆసిఫాబాద్ రోడ్ సమీప రైల్వేస్టేషన్లలో ఒకటి. ఆసిఫాబాద్ నుండి ఉట్నూరు వెళ్ళే రహదారిపై కెరమెరి ఉన్నది. హట్టి గ్రామం వద్ద ప్రధాన రహదారిని విడిచి అడవి మార్గంలో జోడేఘాట్ చేరాలి. వర్షాకాలంలో కెరమెరి ఘాట్ మలుపులు, వాగులు ప్రయాణానికి ఆటంకం కలిగించవచ్చు. వర్ధంతి రోజున జనసమ్మర్దం ఎక్కువగా ఉంటుంది. పరధానుల పాట, గుస్సాడి బృందాలు చూడదలచినవారికి అదే అనువైన రోజు. ప్రదర్శన వస్తువులను తీరికగా పరిశీలించదలచినవారు మరొక రోజు వెళ్ళడం మంచిది.